ఒక గది, మూడు వాంగ్మూలాలు: స్టార్ ట్రెక్ ‘ఎ మ్యాటర్ ఆఫ్ పర్‌స్పెక్టివ్’ ఎపిసోడ్‌పై చర్చ

ధ్రువతార:

మిత్రులందరికీ నమస్కారం. అంతరిక్ష కథల టీవీ ధారావాహిక ‘స్టార్ ట్రెక్: ద నెక్స్ట్ జనరేషన్’ మూడవ సీజన్‌లోని పద్నాలుగవ ఎపిసోడ్ ‘ఎ మ్యాటర్ ఆఫ్ పర్‌స్పెక్టివ్’ను నిన్న రాత్రి మూడవసారి చూశాను. 1990 ఫిబ్రవరిలో ప్రసారమైన ఈ ఎపిసోడ్‌ను ఎడ్ జుకర్‌మన్ రాయగా క్లిఫ్ బోల్ దర్శకత్వం వహించారు. చాలామంది దీన్ని, ఒకే సంఘటనను పలువురు పలురకాలుగా చెప్పే ‘రషోమాన్’ సినిమా పద్ధతి కథ అని ఒక్క మాటలో తేల్చేస్తారు గాని, నా మనసుకు అది అంత సులువుగా తేలడం లేదు. ముగింపు చెప్పకుండా ఈ ఎపిసోడ్ గురించి మాట్లాడటం కుదరదు కాబట్టి, చూడనివారు ముందు చూసి రావలసిందిగా మనవి.

కథ క్లుప్తంగా ఇది. తానూగా గ్రహం చుట్టూ తిరిగే పరిశోధనా కేంద్రంలో నెల్ ఆప్‌గార్ అనే శాస్త్రవేత్త క్రీగర్ తరంగాలనే కొత్త శక్తిని రాబట్టే పనిలో ఉంటాడు. పని ఎంతవరకు వచ్చిందో చూడటానికి ఎంటర్‌ప్రైజ్ అనే అంతరిక్ష ఓడ నుంచి కమాండర్ రైకర్ అక్కడికి వెళ్తాడు. మనుషులను ఒకచోటి నుంచి మరోచోటికి చేర్చే ట్రాన్స్‌పోర్టర్ కిరణంలో తిరిగి ఓడకు వస్తున్న క్షణంలోనే కేంద్రం పేలిపోయి ఆప్‌గార్ చనిపోతాడు. తానూగా దర్యాప్తు అధికారి క్రాగ్ ఓడకు వచ్చి, రైకరే హంతకుడనీ, అతన్ని తమకు అప్పగించాలనీ అడుగుతాడు. మీ న్యాయంలో నేరం రుజువయ్యేదాకా మనిషి నిర్దోషి, మా న్యాయంలో నిర్దోషి అని రుజువయ్యేదాకా అతను దోషి అని అతనే స్పష్టంగా చెబుతాడు. అప్పగించాలా వద్దా అని తేల్చవలసినవాడు ఓడ కెప్టెన్ పికార్డ్. ఇందుకోసం, కోరిన చోటునూ మనుషులనూ కంప్యూటరు నిజంలా సృష్టించి చూపే హోలోడెక్ అనే గదిలో ఆ పరిశోధనా కేంద్రాన్ని తిరిగి కట్టి, సాక్షులు చెప్పినదాన్ని చెప్పినట్టుగా కళ్ళముందు నడిపిస్తారు.

రైకర్ కథలో ఆప్‌గార్ భార్య మానువా తనంతట తాను అతని గదిలో చనువు తీసుకుంటుంది. మానువా కథలో రైకర్ ఆమెపై బలాత్కారానికి దిగుతాడు. సహాయకురాలు టెయ్‌నా ఆ గదిలో లేనే లేదు. ఆప్‌గార్ తనకు చెప్పినదాన్ని ఆమె చెబుతుంది. ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టి చూడాలంటే ఒక్క దెబ్బ చాలు. భార్యనూ రైకర్‌నూ ఒకచోట చూసిన ఆప్‌గార్ కోపంతో మీదికి వస్తాడు. రైకర్ చెప్పిన ప్రకారం ఆప్‌గార్ చెయ్యి విసురుతాడు, రైకర్ పక్కకు తప్పుకుంటాడు, ఆప్‌గార్ తూలి పడతాడు. మానువా చెప్పిన ప్రకారం కొట్టినవాడు రైకర్. ఆప్‌గార్ టెయ్‌నాకు చెప్పుకున్న ప్రకారం, ఆప్‌గారే రైకర్‌ను చితకబాదాడు. అంటే ఒక కథలో దెబ్బే లేదు, మిగతా రెండింటిలో కొట్టినవాడు మారిపోయాడు. ఎవరి కథలో వారి పరువు చెక్కుచెదరకుండా ఉంది.

ఈ మూడు కథల్లోనూ మారనిది ప్రయోగశాల మధ్యలో ఉన్న ఆ యంత్రం ఒక్కటే. చివరికి నిజాన్ని పట్టించింది కూడా అదే. మనుషుల మాటలు తేల్చలేని చోట వస్తువు తేల్చడం నాకు ఈ ఎపిసోడ్‌లో అన్నిటికన్నా గొప్పగా అనిపించింది. మీ అభిప్రాయాలు తెలియజేయగలరు.

అద్దాలమేడ:

ధ్రువతార గారూ, మంచి చర్చ మొదలుపెట్టారు. ఆ యంత్రం సంగతిని నేను కొంచెం విప్పి చెబుతాను, ఎందుకంటే ఈ ఎపిసోడ్‌ను తక్కువ చేసి మాట్లాడేవారు ఎక్కువగా పట్టుకునేది దాన్నే. హోలోడెక్‌లోని బొమ్మ నిజమైన గోడలను ఎలా తొలిచిందని వారు అడుగుతారు.

విచారణ జరుగుతున్నంతసేపూ సుమారు ఐదు గంటలకొకసారి ఓడలో ఏదో వికిరణం తగిలి లోహపు గోడలు కరిగిపోతుంటాయి. ఓడ సిబ్బంది జోర్డీ, డేటా, వెస్లీ కూర్చుని ఆ వేళలను లెక్క కడితే, గ్రహం మీద ఉన్న ఆప్‌గార్ జనరేటర్ తిరిగి శక్తిని నింపుకునే వేళలతో అవి సరిపోతాయి. జనరేటర్ ఇంకా తన మానాన తాను పనిచేస్తూనే ఉంది. ధ్రువతార గారు చెప్పిన ప్రయోగశాల యంత్రం, అంటే కేంద్రంలో ఉన్న పరివర్తకం విషయానికి వస్తే, అది కొన్ని అద్దాలూ తీగచుట్టలూ కలిపిన అమరిక మాత్రమే. తనంతట తాను శక్తిని పుట్టించదు. అందుకే హోలోడెక్ దాన్ని ప్రమాదంగా గుర్తించకుండా ఉన్నదున్నట్టు కట్టిపెట్టింది. పొయ్యి బొమ్మ గీస్తే దాని మీద అన్నం ఉడకదు. కానీ భూతద్దం నమూనాను అద్దంతోనే చేసిపెడితే, ఎండ పడిన మరుక్షణం కింద ఉన్న కాగితం అంటుకుంటుంది. ఎండ నిజం, వంపు నిజం, ఇక నమూనా అన్న మాటకు అర్థం లేదు. కింది నుంచి నిజమైన శక్తి వచ్చింది, పైన ఉన్న అద్దాలు దాన్ని క్రీగర్ తరంగాలుగా మార్చాయి.

అంటే ఆప్‌గార్ పరిశోధన అప్పటికే ఫలించింది. ఫలించలేదని అతను, రైకర్ పనిచేసే అంతరిక్ష దళం స్టార్‌ఫ్లీట్‌కు చెబుతూ వచ్చింది అబద్ధం. దాన్ని ఆయుధంగా మార్చి వేరేవారికి అమ్ముకోవాలన్నది అతని ఆలోచన. రైకర్ దాన్ని పసిగట్టాడని భయపడి, ట్రాన్స్‌పోర్టర్ కిరణంలో ఉండగానే అతన్ని చంపబోయాడు. ఆ తరంగం ట్రాన్స్‌పోర్టర్ కిరణానికి తగిలి, వెనక్కి మళ్ళి యంత్రాన్నే పేల్చింది. రైకర్ నిలబడిన చోటు నుంచి శక్తి వెలువడిందని క్రాగ్ చూపించిన కొలత కూడా తప్పు కాదని ఇక్కడే తేలుతుంది. పరికరం చెప్పింది సరైనదే, దాని నుంచి క్రాగ్ తీసిన అర్థమే తప్పు. మనిషి జ్ఞాపకానికీ యంత్రం కొలతకూ మధ్య కూడా ఒక చదివే మనిషి ఉంటాడని ఇంత చక్కగా చూపించిన కథలు నేను ఎక్కువ చూడలేదు.

కొత్తచూపు:

నేను ఈ వేదికకు కొత్త. ఒక చిన్న సమాచారం. ఇదే క్లిఫ్ బోల్ 1998లో ‘ది ఎక్స్-ఫైల్స్’కు ‘బ్యాడ్ బ్లడ్’ అనే ఎపిసోడ్‌ను కూడా తీశారు. దాని రచయిత విన్స్ గిల్లిగన్. అందులోనూ దర్యాప్తు అధికారులు మల్డర్, స్కల్లీ ఒకే సంఘటనను వేర్వేరుగా చెబుతారు. స్కల్లీ కథలో అందగాడిగా కనిపించే షెరీఫు, మల్డర్ కథలో ఎత్తుపళ్ళతో కనిపిస్తాడు. అది నవ్వించే ఎపిసోడ్, ఇది కాదు. కానీ చెప్పే మనిషి మనసులోని అసూయ ఎదుటివాడి ముఖాన్ని ఎలా మారుస్తుందో ఒకే దర్శకుడు ఎనిమిదేళ్ళ తేడాతో రెండుసార్లు చూపించడం నాకు ఆసక్తిగా అనిపించింది.

కృష్ణాతీరం:

అందరి మాటలూ శ్రద్ధగా చదివాను. అద్దాలమేడ గారి వివరణతో నాకు పేచీ లేదు. కానీ యంత్రం నిజాన్ని పట్టించిందని ధ్రువతార గారు రాసిన వాక్యం దగ్గర ఆగిపోయాను. ఏ నిజాన్ని?

యంత్రం చెప్పింది పేలుడు ఎలా జరిగిందన్నది. ఆప్‌గార్‌ను రైకర్ చంపలేదని చెప్పింది. అతిథి గదిలో మానువాకూ రైకర్‌కూ మధ్య ఏం జరిగిందో అది చెప్పలేదు, చెప్పగలిగేదీ కాదు, ఎందుకంటే ఆ గదిలో అద్దాలు లేవు, జనరేటరుతో ముడిపడిన తీగచుట్టలు లేవు. రైకర్ కథలో వెళ్ళమన్నా వెళ్ళనిది ఆమె; మానువా కథలో వెళ్ళిపోబోతుంటే వెళ్ళనివ్వనిది అతను. ఈ రెండింటిలో ఏది జరిగిందో ఎపిసోడ్ చివరిదాకా తీర్పు చెప్పదు. తీర్పు చెప్పకపోవడాన్ని నేను తప్పు పట్టడం లేదు. హత్యానేరం నుంచి రైకర్ బయటపడగానే, ఈ రెండవ ఆరోపణ కూడా దానంతట అదే కొట్టుకుపోయినట్టు కథ నడిచిపోవడం నన్ను బాధిస్తుంది. ఒక స్త్రీ నలుగురి ముందు నిలబడి తనమీద బలాత్కారం జరిగిందని చెప్పింది. ఆమె భర్త దొంగ అని తేలింది. భర్త దొంగ అయితే భార్య చెప్పింది అబద్ధమవుతుందా?

ఓడలోనే ఉన్న ట్రాయ్ ఎదుటివారి భావాలను పసిగట్టగలదు. మానువా మోసం చేయడం లేదనీ, ఆమె నమ్మినదాన్నే చెబుతోందనీ ట్రాయ్ స్వయంగా చెబుతుంది. అది ఎవరికి వారు గుర్తుంచుకున్న నిజమని రైకర్‌కు నచ్చజెబుతుంది. అంతటి మాట వచ్చాక కథ ఆ దారిలో ఒక్క అడుగు కూడా వేయలేదు. రైకర్‌ను మనం ఏళ్ళ తరబడి చూశాం, అతను అలాంటివాడు కాడని మనకు తెలుసు అనే భరోసా మీదనే ఆ అడుగు ఆగిపోయింది. తెలిసిన మనిషి కాబట్టి నమ్మడమన్నది మన ఊళ్ళలో, మన ఇళ్ళలో ఎంతమంది ఆడవాళ్ళ మాటను మింగేసిందో వేరే చెప్పనవసరం లేదు.

ధ్రువతార:

కృష్ణాతీరం గారూ, మీరు చెప్పింది చదివాక నా మొదటి మాటను సవరించుకుంటున్నాను. మూడుసార్లు చూసినా ఈ తేడాను నేను గమనించలేదని ఒప్పుకుంటున్నాను.

అయితే ఒక విషయం చేర్చాలి. 1950లో కురొసావా తీసిన ‘రషోమాన్’లో చనిపోయిన సమురాయ్ కూడా సాక్ష్యం చెబుతాడు. పూనకం వచ్చిన ఒక స్త్రీ నోటి ద్వారా అతని మాట వినిపిస్తుంది. ఈ ఎపిసోడ్‌లో ఆ పని చేసేది టెయ్‌నా. ఆప్‌గార్ చనిపోయాడు, అతని మాట మాత్రం ఆమె నోటిలో బతికి ఉంది. ఆ సినిమాలో న్యాయాధికారి ముఖం ఎక్కడా కనిపించదు, సాక్షులు నేరుగా మనవైపే చూసి చెబుతారు కాబట్టి తీర్పు బరువు మన మీద పడుతుంది. ఇక్కడ న్యాయాధికారి స్థానంలో కూర్చున్నది పికార్డ్, నిందితుడితో ఏళ్ళ తరబడి కలిసి పనిచేస్తున్న మనిషి. మీరు చెప్పిన లోపానికి వేరు ఇక్కడే ఉందేమో.

నల్లకోటు:

టెయ్‌నా సాక్ష్యం ప్రస్తావన వచ్చింది కాబట్టి వృత్తిరీత్యా నాలుగు మాటలు. ఇది ఒకరు చెప్పగా విన్న మాట కదా అన్న అభ్యంతరం ఎపిసోడ్‌లోనే వస్తుంది, తమ చట్టం దాన్ని అనుమతిస్తుందని క్రాగ్ జవాబు చెబుతాడు. ఆ జవాబు విని, మన దేశపు కోర్టులో ఇది చెల్లదని చాలామంది అనుకుంటారు. అది అంత సూటిగా లేదు.

2024 దాకా అమల్లో ఉన్న 1872 నాటి భారత సాక్ష్య చట్టం 60వ సెక్షను ప్రకారం నోటి సాక్ష్యం ప్రత్యక్షంగా ఉండాలి. చూసినవాడే చూశానని చెప్పాలి. కానీ 32వ సెక్షను మొదటి ఖండం ఒక మినహాయింపు ఇస్తుంది. చనిపోయిన మనిషి తన చావుకు కారణం గురించి గాని, ఆ చావుకు దారితీసిన వ్యవహారపు పరిస్థితుల గురించి గాని చెప్పిన మాట, ఆ చావే విచారణలో ఉన్నప్పుడు పరిగణనకు వస్తుంది. ఇంగ్లండు పాత న్యాయంలో ఆ మనిషి తాను చావబోతున్నానని ఎరిగి చెప్పి ఉండాలన్న షరతు ఉండేది. మన చట్టంలో ఆ షరతు లేదు. 2024 జూలై 1 నుంచి దాని స్థానంలో అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమంలో ఇదే సూత్రం 26వ సెక్షనులో ఉంది.

దీనికి మూలస్తంభం లాంటి తీర్పు మన ప్రాంతంతో ముడిపడినదే. పిఠాపురం దివాను కొలువులో బంట్రోతుగా పనిచేసిన ఒక మనిషి, తనకు రావలసిన డబ్బు తీసుకోవడానికి బరంపురం వెళ్తున్నానని భార్యతో చెప్పి బయలుదేరాడు. 1937 మార్చి 23న పూరీలో ఒక రైలు మూడవ తరగతి పెట్టెలో దొరికిన ఇనుప ట్రంకులో, ఏడు ముక్కలుగా అతని శరీరం కనిపించింది. అతను భార్యతో చెప్పిన ఆ మాట సాక్ష్యంగా చెల్లుతుందా అన్న ప్రశ్న లండనులోని ప్రీవీ కౌన్సిల్ దాకా వెళ్ళింది. 1939లో లార్డ్ అట్కిన్ చెల్లుతుందని తీర్పు చెప్పారు. పాకాల నారాయణస్వామి కేసు అని న్యాయ విద్యార్థులందరూ చదువుకునేది ఇదే.

ఆ లెక్కన, రైకర్‌తో గొడవ జరిగిందనీ అతను బెదిరించాడనీ ఆప్‌గార్ తన చావుకు కొద్దిముందు టెయ్‌నాతో అన్న మాట మన కోర్టులోకి రావడానికి గట్టి ఆస్కారం ఉంది. రావడం వేరు, నమ్మడం వేరు. కోర్టు గుమ్మం దాటిన మాటకు ఎంత బరువు ఇవ్వాలన్నది న్యాయమూర్తి చేతిలో ఉంటుంది. చావబోయే మనిషి అబద్ధంతో పోడన్న నమ్మకం ఇలాంటి సాక్ష్యానికి బలం. ఆప్‌గార్‌కు తాను చావబోతున్నానన్న స్పృహే లేదు, పైగా ఎదుటివాణ్ణి చంపే ఆలోచనలో ఉన్నాడు.

కృష్ణాతీరం గారి ప్రశ్నకు కూడా నా వంతు జవాబు చెప్పాలి. పికార్డ్ ముందు ఉన్నది అప్పగింత విచారణ, అది కూడా హత్య వరకే. మన 1962 అప్పగింత చట్టంలోనూ మేజిస్ట్రేటు చూసేది ఆ నేరానికి ప్రాథమికంగా ఆధారం ఉందా లేదా అన్నదే. కాబట్టి హత్యారోపణ వీగిపోగానే పికార్డ్ అధికారం అక్కడికి ముగిసింది. చట్టం దృష్టిలో ఇది సరైనదే. అయితే కథకు చట్టపు సరిహద్దు ఉండనవసరం లేదు కదా అని మీరు అడిగితే నా దగ్గర జవాబు లేదు.

జ్ఞాపకశాల:

నేను మనస్తత్వశాస్త్రం బోధిస్తాను. హోలోడెక్ పద్ధతి గురించే నా ఆందోళన.

1974లో ఎలిజబెత్ లాఫ్టస్, జాన్ పామర్ కారు ప్రమాదాల చిన్న చిత్రాలు చూపించి, కార్లు ఎంత వేగంతో పోతున్నాయని అడిగారు. ప్రశ్నలో ఒక్క క్రియాపదం మార్చారు. కార్లు ఒకదాన్నొకటి ‘తాకినప్పుడు’ అన్న అర్థమిచ్చే మాట వాడితే సగటు జవాబు గంటకు 31.8 మైళ్ళు, ‘నుజ్జయ్యేలా గుద్దుకున్నప్పుడు’ అన్న అర్థమిచ్చే మాట వాడితే 40 మైళ్ళకు పైనే. రెండవ ప్రయోగంలో వారం తరువాత పిలిచి, పగిలిన గాజు కనిపించిందా అని అడిగారు. చిత్రంలో గాజు పగలనే లేదు. గట్టి మాట విన్నవారిలో 32 శాతం మంది కనిపించిందన్నారు, ‘ఢీకొన్నప్పుడు’ అన్న అర్థమిచ్చే మామూలు మాట విన్నవారిలో 14 శాతం మందే అన్నారు.

ఒక్క మాటకే జ్ఞాపకం ఇంత ఒరిగితే, కళ్ళముందు నిలువెత్తు మనిషిని నిలబెట్టి, నీ జ్ఞాపకం ఇదేనని చూపిస్తే ఏమవుతుంది? సాక్షికి గుర్తులేని గోడ రంగునూ, నవ్విన తీరునూ కంప్యూటరు పూరించవలసిందే. ఒకసారి చూశాక ఆ పూరింపు కూడా సాక్షి జ్ఞాపకంలో కలిసిపోతుంది. పైగా ప్రతి సాక్షీ మిగతావారి కథలను కూడా అక్కడే కూర్చుని చూస్తున్నారు. రైకర్ కథ చూశాక తన కథ చెప్పిన మానువా జ్ఞాపకం, చూడకముందు ఉన్న జ్ఞాపకమేనని ఎవరు హామీ ఇవ్వగలరు? సాక్షులను విడివిడిగా ఉంచాలన్న మామూలు జాగ్రత్త కూడా ఆ ఓడలో కనిపించలేదు. ఆమె అబద్ధమాడిందని నేను అనడం లేదు. రైకర్ జ్ఞాపకానికీ ఇదే ప్రమాదం ఉంది, కానీ అతని మీద ఈ అనుమానం ఎవరికీ రాదు.

పాతటైపురైటర్:

అందరికీ నమస్కారాలు. నేను జిల్లా కోర్టుల్లో స్టెనోగా ముప్పై ఏళ్ళకు పైగా పనిచేసి రిటైరైనవాణ్ణి. మా మనవరాలు చూపిస్తే ఈ ఎపిసోడ్ చూశాను. జ్ఞాపకశాల గారు చెప్పిన మాటల తేడా నా చేతివేళ్ళకు బాగా తెలుసు.

సాక్షి బోనులో నిలబడి తెలుగులో చెబుతారు. న్యాయమూర్తి గారు విని, దాన్ని ఇంగ్లీషులో డిక్టేట్ చేస్తారు. నేను టైపు చేస్తాను. సాక్షి ‘గెంటాడు’ అన్నా, ‘నెట్టాడు’ అన్నా, ‘తోశాడు’ అన్నా నా కాగితం మీద పడేది ఒకే మాట, ‘పుష్‌డ్’. గెంటడంలో ఉన్న అవమానం, తోయడంలో ఉన్న తొందర, రెండూ రిబ్బను దాటి కాగితం మీదికి వచ్చేవి కావు. చివర చదివి వినిపించేవాళ్ళం. ‘చదివి వినిపించగా సరి అని ఒప్పుకొన్నారు’ అని రాసి, సంతకమో వేలిముద్రో తీసుకునేవాళ్ళం. ఎవరైనా అప్పుడు తల పక్కకు తిప్పి, ‘నేను చెప్పింది అంతేనా బాబూ’ అని అడిగిన రోజులున్నాయి. హోలోడెక్‌లో ఆ చదివి వినిపించడం కూడా లేదు. బొమ్మ నడిచింది, అయిపోయింది. ఇది నేను చెప్పినట్టే ఉందా అని ఎవరూ ఆమెను అడగలేదు.

కృష్ణాతీరం:

పాతటైపురైటర్ గారూ, మీ అనుభవం పంచుకున్నందుకు కృతజ్ఞతలు. ఒక్కటి అడుగుతాను. సాక్షి చెప్పలేక ఆగిపోతే, కళ్ళనీళ్ళు పెట్టుకుంటే, ఆ ఆగడం కాగితం మీదికి వచ్చేదా?

ఈలోగా నేను మొదటి సన్నివేశాన్ని మళ్ళీ చూశాను. పికార్డ్, మరికొందరు సిబ్బంది ఒకే మోడల్‌ను చూసి బొమ్మలు వేస్తుంటారు, డేటా ఒక్కొక్క బొమ్మ దగ్గరికి వెళ్ళి దాని శైలిని విశ్లేషిస్తాడు. ఒకే మనిషి, ఒక్కో బొమ్మలో ఒక్కో రూపం. కథాంశాన్ని ముందే చెప్పే సన్నివేశమని ఇన్నాళ్ళూ మెచ్చుకున్నాను. ఈసారి మాత్రం నా చూపు అక్కడ కదలకుండా కూర్చున్న ఆ స్త్రీ మీదే నిలిచిపోయింది.

పాతటైపురైటర్:

అమ్మా, వచ్చేది, న్యాయమూర్తి గారు తలచుకుంటే. అప్పటి దండ ప్రక్రియా స్మృతి 280వ సెక్షను కింద సాక్షి తీరుతెన్నుల గురించి న్యాయమూర్తి తన గమనికను నమోదు చేయడానికి వీలుండేది. నా సర్వీసులో కొద్దిమంది మాత్రమే అలా చేయించారు. ‘సాక్షి కొంతసేపు మౌనంగా ఉన్నారు’ అని ఒక ఆవిడ వాంగ్మూలంలో టైపు చేసింది ఇప్పటికీ గుర్తుంది. ఆ వాక్యం కొట్టేటప్పుడు హాలులో నా మిషను చప్పుడు తప్ప ఇంకేమీ వినపడలేదు. మానువా కథ పూర్తయ్యాక ఆమె ముఖం కనిపించే చోట నేను ఎపిసోడ్‌ను ఆపి, మనవరాలితో ఇక్కడ ఈ వాక్యం పడాలమ్మా అన్నాను.